లీటరుకి ఇరవై నాలుగు

కారు కొన్న కొద్ది నెలలకే భ్రమరాంబకి ఒక సంగతి అర్థమైంది. కారు కొన్నది తను, నేర్చుకుని నడుపుతున్నది తను, కానీ దాని బాధంతా పడుతున్నది మాత్రం ఆయన.

ఆయనంటే ఆమె భర్త పట్టాభిరామయ్య. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. స్టీరింగు ముట్టుకోవడం రాదు. పక్క సీట్లో కూర్చుని రోడ్డు కాకుండా మీటరు చూస్తారు. బంకులో పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ చొక్కా జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద భాగహారం చేస్తారు. రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు ఆ అంకెలు సబ్బుతో కూడా పోకుండా అక్కడే ఉంటాయి.

"పద్నాలుగు" అన్నారు ఆ రోజు, ఎవరో దగ్గరివాళ్ళు పోయారని చెబుతున్నంత మెల్లగా.

"ఏంటండీ పద్నాలుగు?"

"లీటరుకి కిలోమీటర్లు. అద్దం మీద ఎంతుందో నువ్వే చూడు."

అద్దం మీద గుండ్రటి స్టిక్కరు ఉంది. మధ్యలో పెద్ద అక్షరాలతో 24. చుట్టూ 'రాష్ట్ర వాహన మైలేజీ ధ్రువీకరణ మండలి' అని పేరు, కింద ముద్ర. కొత్తకారుకి పూజ చేయించినప్పుడు పెట్టిన పసుపు చెరిగిపోయింది, కట్టిన నిమ్మకాయ ఎండి రాలిపోయింది. స్టిక్కరు మాత్రం నిన్న అంటించినట్టు మెరుస్తోంది. రోజూ పొద్దున్నే పట్టాభిరామయ్యే తడిగుడ్డతో తుడుస్తారు.

"అయితే తేడా ఎక్కడికి పోతోందంటారు? రాత్రుళ్ళు షెడ్డులో మనం పడుకున్నాక ఇదే తాగేస్తోందా?"

"వెటకారం వద్దు. ముద్ర పడ్డ అంకె అబద్ధం చెప్పదు. నా సర్వీసులో నేను ముద్ర వేసిన తూకపురాయి ఒక్కటి తప్పలేదు."

భ్రమరాంబకి పద్నాలుగైనా ఒకటే, ఇరవై నాలుగైనా ఒకటే. ఆమెకి కావలసింది కారు కదలడం. అది కూడా కాకినాడ నుంచి చినరేవుపాలెం దాకా, మళ్ళీ చినరేవుపాలెం నుంచి కాకినాడ దాకా. అక్కడ ఆమె అక్క వరహాలమ్మ ఒక్కతే ఉంటుంది. రిటైరైన టీచరు. మోకాలికి ఆపరేషన్ అయింది. కాకినాడలో పెన్షనర్ల ఆసుపత్రికి వారానికి మూడుసార్లు వెళ్ళి మోకాలు వంచే వ్యాయామం చేయించుకోవాలి. "ఇప్పుడు వంచకపోతే తరవాత ఇది కాలు కాదు, కర్ర" అని ఫిజియోథెరపీ డాక్టరమ్మ షహనాజ్ మొహమాటం లేకుండా చెప్పింది. వరహాలమ్మ బస్సు మెట్టు ఎక్కలేదు. ఒకసారి ఆటోలో తీసుకెళ్తే గుంతగుంతకీ ఒక దేవుణ్ణి పిలుస్తూ వచ్చి, ఆసుపత్రి చేరేసరికి పిలవని దేవుడు మిగల్లేదు. అందుకే భ్రమరాంబ యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది. అందుకే ఈ కారు.

పట్టాభిరామయ్య మాత్రం మండలికి ఫిర్యాదు రాసేశారు.

రాసినవాళ్ళకి జవాబు రావడం ఆ మండలి చరిత్రలో లేదట. కానీ ఈసారి మనిషే వచ్చాడు. జీపు దిగి, గేటు ముందు నిలబడి, బొట్టనవేలితో కాలరు సర్దుకున్నాడు. పేరు గుణశేఖర్. హోదా ఉప అనుగుణ్యతాధికారి. ఎత్తుకి తగ్గ లావు, లావుకి తగ్గ గొంతు.

"పట్టాభిరామయ్య గారంటే మీరేనా? మీరు చేసిన ఆరోపణ తీవ్రమైనది."

"కారు మీదండీ" అన్నారు పట్టాభిరామయ్య కంగారుగా. "మీ మీద కాదు."

"కారు కంపెనీది. అంకె మాది. ధ్రువీకరించబడిన అంకెకీ క్షేత్రస్థాయి వాస్తవానికీ మధ్య వ్యత్యాసం ఏర్పడినప్పుడు, ఆ లోపం వాస్తవంలో ఎక్కడ చోటుచేసుకుందో నిర్ధారించడం మండలి బాధ్యత. డిక్కీ తెరవండి."

భ్రమరాంబ తెరిచింది. గుణశేఖర్ ఒక్కొక్కటీ బయటికి తీసి అరుగు మీద పెట్టించాడు. అక్క కూర్చోవడానికి మడతకుర్చీ. అక్కకి బియ్యం సంచి. పాత తువ్వాలు చుట్టిన ఆవకాయ జాడీ. మంచినీళ్ళ డబ్బాలు. గొడుగు. అద్దాలు తుడవడానికి చింపిన రెండు చీరలు. అన్నిటికన్నా అడుగున, గంట్లు కొట్టించడానికని అక్క ఇంటి నుంచి తెచ్చి, కొట్టేవాడు దొరక్క నెలల తరబడి కారులోనే తిరుగుతున్న రుబ్బురోలు పొత్రం.

గుణశేఖర్ పొత్రాన్ని వేలితో రెండుసార్లు తట్టి చూశాడు.

"ధ్రువీకరణ సమయంలో డిక్కీలో పొత్రం లేదు."

"మరేముందండీ?"

"ఏమీ లేదు. ఖాళీ. డ్రైవరు ఒక్కడే. ఎండ లేదు, ఎదురుగాలి లేదు. గదిలో హాయిగా ఇరవై ఐదు డిగ్రీలు. ఏసీ వెయ్యరు. ఆ మాటకొస్తే రోడ్డు కూడా లేదు."

"రోడ్డు లేదా?"

"రోలర్లమ్మా. కారుని రోలర్ల మీద నిలబెడతాం. చక్రాలు తిరుగుతాయి."

"కారు ఎక్కడికెళ్తుంది మరి?"

"ఎక్కడికీ వెళ్ళదు. వెళ్ళిపోతే మేం పర్యవేక్షించేదెలా?"

భ్రమరాంబ తలూపింది. "ఎక్కడికీ వెళ్ళకపోతే మా కారు కూడా బంగారమేనండీ. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ చుక్క తాగదు."

గుణశేఖర్ దీన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు. "చూశారా, వాహనపరంగా లోపం లేనట్టే. ఇక తేలాల్సింది కుటుంబపరమైన లోపం. రేపు నా సమక్షంలో నడపండి."

మర్నాడు చినరేవుపాలేనికి బయల్దేరేటప్పుడు పట్టాభిరామయ్య అలవాటు ప్రకారం ముందు సీటు తలుపు తీశారు. గుణశేఖర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తమరు దిగాలి. పరీక్షలో డ్రైవరు ఒక్కరే ఉండాలి."

"మరి మీరు కూర్చుంటున్నారు కదండీ" అంది భ్రమరాంబ.

"నేను పరిశీలకుణ్ణి. నిబంధనల ప్రకారం పరిశీలకుడికి బరువుండదు."

గుణశేఖర్ కూర్చోగానే కారు ఆ పక్కకి ఒరిగింది. మొదటి గేరు వెయ్యబోతే అది కాస్త మూలిగింది కూడా. అయినా నిబంధన నిబంధనే కాబట్టి భ్రమరాంబ బండి పోనిచ్చింది.

మే నెల. ఏసీ వెయ్యకూడదు. గాలి లోపలికి రాకూడదు కాబట్టి అద్దాలు దించకూడదు. గుణశేఖర్ చేతి గడియారం చూసుకుంటూ ధ్రువీకరణ గదిలో ఏ క్రమంలో నడిపారో ఆ క్రమంలో నడపమన్నాడు.

"ముప్ఫై వేగం. అలాగే ఉంచండి. ఇప్పుడు ఆపండి."

"మెయిన్ రోడ్డు నడిమధ్యనండీ!"

"క్రమంలో ఇక్కడ విరామం ఉంది. ఆపండి."

ఆపింది. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి పెట్టి తియ్యడం మానేశాడు. అరటిపళ్ళ బండివాడు అద్దంలోంచి తొంగిచూసి, చెమటలు కక్కుతున్న పెద్దమనిషికి గుండెపోటనుకుని సోడా తెస్తానన్నాడు.

"బయల్దేరండి. యాభై."

"ముందు గేదెలున్నాయండీ."

"క్రమంలో గేదెలు లేవు."

"క్రమంలో లేకపోయినా రోడ్డు మీద ఉన్నాయి కదండీ, వాటికేం చెప్పమంటారు?"

గేదెలు పోయాక రైల్వేగేటు పడింది. గుణశేఖర్ క్రమం ప్రకారం సరిగ్గా అక్కడ డెబ్భై వేగం ఉండాలి. ఇంజను ఆపడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. డెబ్భై మీద వెళ్ళాల్సిన చోట ఇంజను ఆపితే పరీక్ష చెడిపోతుందట. కారు నిలబడి గుర్రుగుర్రుమంటూ పెట్రోలు తాగుతుంటే, లోపల ఇద్దరూ ఆవిరి మీద కుడుముల్లా ఉడికారు. గూడ్సు వెళ్ళింది, దాని వెనక పాసింజరు వెళ్ళింది, ఒక ఖాళీ ఇంజను ముందుకెళ్ళి ఏదో మర్చిపోయినట్టు వెనక్కి కూడా వచ్చింది.

పక్కనే ఇటుకల ట్రాక్టరు మీదున్న నూకరాజు భ్రమరాంబని గుర్తుపట్టాడు. వరహాలమ్మ దగ్గర చదువుకున్నవాడు, ఆవిడ పక్కింటివాడు.

"ఏంటి పిన్నిగారూ, అద్దాలు మూసుకు కూకున్నారు? బండి గానీ చెడిందేటండీ? తాడుందండి నా కాడ, కట్టి లాగెయ్యమంటే లాగేత్తాను."

"చెడలేదు నూకరాజూ, పరీక్ష."

"ఈ వయసులో ఏం పరీక్షలండీ బాబూ" అన్నాడతను జాలిగా.

చినరేవుపాలెం చేరి, టాంకు కొలిచి, గుణశేఖర్ లెక్క కట్టాడు. పద్నాలుగు. వరహాలమ్మ ఇంటి అరుగు మీద కూలబడి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగాడు. వెనకాలే బస్సులో వచ్చిన పట్టాభిరామయ్య ఫలితం విని తల పట్టుకున్నారు.

వరహాలమ్మ కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని, క్లాసులో పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. "కారులో లోపం లేదంటున్నావు నాయనా. నువ్వు చెప్పినట్టే నడిపింది కాబట్టి మా అంబలో లోపం లేదు. మీ అంకెలో లేనే లేదు. మరి ఇంకెక్కడుంది?"

గుణశేఖర్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది.

"ఎంత పెట్రోలు అయింది? లీటరూ, పైన పావుకి కాస్త ఎక్కువ. ఆ కొలత నేనే తీశాను, తిరుగులేదు. లీటరుకి ఎంత? ఇరవై నాలుగు. అది ధ్రువీకృతం. రెంటినీ హెచ్చవేస్తే ముప్ఫై ఒకటి. అంటే మనం ప్రయాణించినది ముప్ఫై ఒక్క కిలోమీటర్లు."

"పద్దెనిమిదే నాయనా. అదిగో, వీధి చివర రాయి మీద రాసుంది."

"ఆ రాయిని ఎవరు ధ్రువీకరించారు?"

రాయి వరహాలమ్మ పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

"కారులో మీటరు కూడా పద్దెనిమిదే చూపిస్తోంది కదండీ" అంది భ్రమరాంబ.

"మీటరు మీద మా ముద్ర ఉందా? లేదు. దూరం అనేది కొలిచేది కాదమ్మా. లెక్కగట్టేది."

భ్రమరాంబ భర్త వైపు చూసింది, తూకపురాళ్ళతో బతికిన మనిషి ఏదైనా అంటారేమోనని. పట్టాభిరామయ్య కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నిజమే" అన్నారు. "దూరానికి ముద్ర లేదు. అంకెకి ఉంది. ఇన్నాళ్ళూ కారుని అనుమానించాను."

ఆ తరవాత పనులు చకచకా జరిగాయి. ప్రభుత్వంలో ఏ పని వేగంగా జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కాకినాడకీ చినరేవుపాలేనికీ మధ్య పాత కిలోమీటరు రాళ్ళు పీకేసి కొత్తవి పాతారు. ఎక్కడ ఎంత పెట్రోలు ఖర్చయితే అక్కడ అంత దూరం. ఇదివరకు ఒక రాయి దాటాక ఇంకో రాయి వచ్చేలోపు ఇంట్లో పప్పులు ఏమున్నాయో తలుచుకుని సాయంత్రం వంట తేల్చుకునేది భ్రమరాంబ. ఇప్పుడు కందిపప్పు దగ్గరుండగానే ఇంకో రాయి వచ్చేస్తోంది. గతుకుల చోట రాళ్ళు ఒత్తుగా ఉన్నాయి. రైల్వేగేటు దగ్గరైతే, నిలబడ్డ కారు కూడా పెట్రోలు తాగుతుంది కాబట్టి, మూడు కిలోమీటర్ల రాళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉన్నాయి. గేటు పడ్డప్పుడు జనం వాటి మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నారు. ఆ చుట్టుపక్కల షుగరున్నవాళ్ళు పొద్దున్నే వచ్చి ఈ రాళ్ళ దగ్గర అటూ ఇటూ నాలుగడుగులు వేసి, డాక్టరు నడవమన్న దూరం ముగించుకుని టిఫినుకి వెళ్ళిపోతున్నారు. ఆటోవాళ్ళు మండలి చైర్మన్‌కి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు.

మండలి టౌనుహాల్లో సభ పెట్టి పట్టాభిరామయ్యని వేదిక మీదికి పిలిచింది. ఫిర్యాదుదారుగా మొదలై సంతృప్త వినియోగదారుగా ఎదిగిన మొట్టమొదటి పౌరుడని పొగిడి శాలువా కప్పింది. గుణశేఖర్ మైకు ముందు నిలబడి, "అంకెకీ అనుభవానికీ మధ్య నిన్నటి వరకూ ఉన్న అగాధాన్ని మండలి పూడ్చివేసింది. అనుభవాన్ని సవరించడం ద్వారా!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇంటికొచ్చాక పట్టాభిరామయ్య బంకు దగ్గర వేసుకున్న లెక్క చూపించారు. రాళ్ళ ప్రకారం లీటరుకి ఇరవై నాలుగు. ఆ రోజు అరచెయ్యి కడుక్కోకుండా చెంచాతో అన్నం తిన్నారు.

మర్నాడు అక్కని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిన భ్రమరాంబని కౌంటరు అమ్మాయి ఆపేసింది.

"కార్డు పనిచెయ్యట్లేదమ్మా. పాతిక కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళకే ఈ ఆసుపత్రి. మీది చినరేవుపాలెం కదా? ముప్ఫై ఒకటి చూపిస్తోంది."

"మొన్నటిదాకా పద్దెనిమిదేనమ్మా! మేం ఇల్లు మారలేదు, మీరు ఆసుపత్రి మార్చలేదు."

"నాకు తెలుసండీ. మాది సర్పవరం, మా ఇల్లు కూడా జరిగిపోయింది. కానీ కంప్యూటరు ఒప్పుకోవాలి కదా."

ఈ ఆసుపత్రి కార్డున్నవాళ్ళకే. ఊళ్ళో మోకాలి వ్యాయామం చేయించేవి ఇంకో రెండు ఉన్నాయి, రెండూ మేడ మీద ఉన్నాయి. ఆ మెట్లు ఎక్కగలిగినవాళ్ళకి అక్కడికి వెళ్ళాల్సిన అవసరం ఉండదు.

ఆ ఒక్కరోజుకీ షహనాజ్ బతిమాలి లోపలికి రానిచ్చింది. కదలని సైకిలు మీద వరహాలమ్మని కూర్చోబెట్టి తొక్కించింది. వరహాలమ్మ పళ్ళ బిగువున తొక్కుతూనే, "నేను ఇక్కడ తొక్కిందంతా దూరమైతే ఈపాటికి విజయనగరంలో ఉండేదాన్ని" అంది. షహనాజ్ నవ్వింది, కానీ మోకాలి మీద చెయ్యి వేసి చూసి నవ్వు ఆపేసింది.

"ఇప్పుడిప్పుడే వంగుతోందమ్మా. మెట్టెక్కడానికి ఇంకా కాస్త వంపు రావాలి. ఈ నెల మానేస్తే మళ్ళీ బిగిసిపోతుంది. బిగిస్తే నేనూ ఏం చెయ్యలేను."

తిరుగుదారిలో గేటు దగ్గర ఆగినప్పుడు వరహాలమ్మ కిటికీలోంచి ఆ మూడు రాళ్ళనీ చూసి, "నా కాలు కాస్తా వీటి కింద పెట్టారే అంబా" అంది.

ఆ మాట భ్రమరాంబకి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక కూడా వినబడుతూనే ఉంది. పప్పు మాడింది. స్టవ్ కట్టేసి, భర్తని వెంటబెట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్ళింది.

గుణశేఖర్ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "చింతిస్తున్నాను. కానీ సాంకేతికంగా దూరం పెరగలేదమ్మా. వెలుగులోకి వచ్చింది, అంతే."

"ఎంత పెట్రోలు తాగితే అంత దూరమన్నమాట."

"అంతే."

"తక్కువ తాగితే దగ్గరైనట్టేనా?"

"నిస్సందేహంగా. అందుకే వినియోగదారుకి పునఃపరీక్ష కోరే హక్కు ఇచ్చాం. ఆ నిబంధన నేనే రాశాను. పొదుపుగా నడిపి ముప్ఫై ఒకటిని ముప్ఫైకి తెచ్చుకున్నవాళ్ళున్నారు."

"ముప్ఫై చాలదండీ. అసలు తాగకపోతే?"

గుణశేఖర్ చిన్నపిల్లల అమాయకత్వాన్ని చూసి నవ్వినట్టు నవ్వాడు. "తాగకుండా బండి కదులుతుందా అమ్మా?"

"ఊరికే అడిగానులెండి" అంది భ్రమరాంబ లేస్తూ.

ఇంటికొచ్చాక పునఃపరీక్షకి దరఖాస్తు రాసిపెట్టమంది. పట్టాభిరామయ్య పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నలుగురిలో శాలువా కప్పారే. ఇప్పుడు మళ్ళీ నేనే రాస్తే ఏం బావుంటుంది?"

"పోనీ ఆ శాలువా తెండి, అక్క మోకాలికి చుడదాం. బిగిసిపోయాక చలికి పనికొస్తుంది."

ఆయన కాసేపు కిటికీలోంచి కారుకేసి చూశారు. "వదినగారు నిజంగా నడవలేకపోతారంటావా?"

"డాక్టరమ్మ చెప్పింది. ముద్ర వెయ్యలేదు గానీ చెప్పింది."

పట్టాభిరామయ్య దరఖాస్తు రాశారు. అంతటితో ఆగకుండా నిబంధనల పుస్తకం తెప్పించుకుని రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతూ ఒకచోట ఆగి, భార్యని పిలిచి చూపించారు. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇద్దరూ ఒకే కాగితం చూసి ఒకేసారి నవ్వడం అదే మొదటిసారి.

పునఃపరీక్ష చినరేవుపాలెంలో వరహాలమ్మ గుమ్మం నుంచి మొదలు. గుణశేఖర్ టాంకులో పెట్రోలు కొలిచి, మూతకి లక్క సీలు వేసి, బరువు లేని మనిషిగా ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో వరహాలమ్మ, చేతికర్ర, పట్టాభిరామయ్య. డిక్కీలో మడతకుర్చీ, బియ్యం, పొత్రం, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

"ఇవన్నీ ఉంటే పెట్రోలు ఎక్కువవుతుందమ్మా, మీ మంచికే చెబుతున్నాను" అన్నాడు గుణశేఖర్.

"ఫర్వాలేదండీ" అంది భ్రమరాంబ. గేరు న్యూట్రల్లో పెట్టింది. ఇంజను స్టార్టు చెయ్యలేదు. అద్దం దించి చెయ్యి ఊపింది.

ఇటుకల ట్రాక్టరు వెనక్కి వచ్చి కారు ముందు ఆగింది. నూకరాజు దిగి, కారు ముందు కొక్కేనికి తాడు బిగించి, గట్టిగా లాగి చూసుకున్నాడు.

"ఇదేంటి?" గుణశేఖర్ సీట్లోంచి లేవబోయాడు. "ట్రాక్టరు ఎందుకు? ట్రాక్టరు డీజిలు తాగుతుంది కదా!"

వెనక సీట్లోంచి పట్టాభిరామయ్య సర్వీసులో ఉన్నప్పటి గొంతుతో చదివారు. "'పరీక్షించబడుచున్న వాహనము యొక్క టాంకులో తగ్గిన ఇంధనమును మాత్రమే పరిగణించవలెను. ఇతర వాహనముల వినియోగమును ఎట్టి పరిస్థితులలోనూ పరిగణించరాదు.' ఇది తమరు రాసిందేనండీ. ట్రాక్టరు పరీక్షించబడుచున్న వాహనం కాదు."

గుణశేఖర్ పుస్తకం లాక్కుని, తను రాసిన వాక్యాన్ని తనే వేలుపెట్టి చదువుకున్నాడు.

"పోనిమ్మంటారా పిన్నిగారూ?"

"మెల్లగా పోనీ నాయనా. గుంతలు చూసుకో, అక్క ఉంది."

ఇంజను ఆగిపోయిన కారు స్టీరింగు రాయిలా ఉంది. బ్రేకు మీద నిలబడినంత పని చేస్తేగానీ పట్టడం లేదు. భ్రమరాంబకి మునివేళ్ళ దాకా నొప్పి పుట్టింది. అయినా కళ్ళు తాడు మీద నుంచి తిప్పలేదు. కారు ఒక్కొక్క కిలోమీటరు రాయినీ దాటుతుంటే గుణశేఖర్ ఒక్కొక్కదాన్నీ తలతిప్పి చూస్తున్నాడు, బంధువుల్ని రైలెక్కించి వెనక్కి చూస్తున్నవాడిలా. రైల్వేగేటు దగ్గర రాళ్ళ మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో, "పాపం, ఏసీ వేసుకుని ఉంటారు, పెట్రోలు అయిపోయింది" అన్నారు.

ఆసుపత్రి ముందు ఆగాక లక్క సీలు పగలగొట్టి, గుణశేఖర్ కొలకర్ర దించాడు. తీసి చూశాడు. తుడిచి మళ్ళీ దించాడు. పొద్దున్న ఎక్కడుందో పెట్రోలు అక్కడే ఉంది.

"ఎంత తగ్గిందండీ?" అన్నారు పట్టాభిరామయ్య.

"తగ్గలేదు."

"సున్నాని ఇరవై నాలుగుతో హెచ్చవెయ్యండి మరి."

గుణశేఖర్ ఆసుపత్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాదంటే లెక్కగట్టే పద్ధతి తప్పవుతుంది. పద్ధతి తప్పయితే రాళ్ళు తప్పు. రాళ్ళు తప్పయితే పద్దెనిమిది నిజం, పద్దెనిమిది నిజమైతే పద్నాలుగు నిజం. అప్పుడు ఇరవై నాలుగు? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయన లెక్క ఆపేశాడు. జేబులోంచి ముద్ర తీశాడు. శ్రీమతి వరహాలమ్మ నివాసానికీ ఈ ఆసుపత్రికీ మధ్య దూరం సున్నా కిలోమీటర్లని ధ్రువీకరించాడు.

కౌంటరు అమ్మాయి సున్నా కొట్టగానే కంప్యూటరు సంతోషంగా కార్డుని ఒప్పుకుంది. "ఇంకెప్పుడూ రాదండీ ఈ గొడవ" అందామె. "మీరిప్పుడు ఆసుపత్రిలోనే ఉంటున్నట్టు."

"ఒక్క విషయం" అన్నాడు గుణశేఖర్ నీరసంగా. "సాంకేతికంగా చూస్తే ఈవిడ ఎక్కడికీ రాలేదు. బయల్దేరిన చోటే ఉన్నారు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి."

వరహాలమ్మ అప్పటికే కారు దిగి, చేతికర్ర ఊతంగా ఆసుపత్రి మెట్ల ముందు నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ పక్కనున్న వాలుదారి మీద చెల్లెలు పట్టుకుంటే నడిచేది. ఈసారి భ్రమరాంబ చెయ్యి అందించబోతే ఉండమంది. మంచి కాలు పైమెట్టు మీద వేసి, ఊపిరి బిగబట్టి, రెండో కాలు ఎత్తింది. మోకాలు వంగింది. పూర్తిగా కాదు, మెట్టు అంచుకి చెప్పు గీసుకునేంత. కానీ వంగింది. పైకి చేరి, ఒగరుస్తూ వెనక్కి తిరిగింది.

"కదిలానో లేదో నీ ముద్రకేం తెలుస్తుంది నాయనా" అంది. "నా మోకాల్ని అడుగు, చెబుతుంది."

గుమ్మం దగ్గర షహనాజ్ చప్పట్లు కొట్టింది. భ్రమరాంబ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అనుకుంది.

భర్త ఎక్కడున్నారా అని చూస్తే ట్రాక్టరు దగ్గర కనిపించారు. దాని ముందు బానెట్టు మీద అలాంటిదే ఒక గుండ్రటి స్టిక్కరు ఉంది, మట్టి కొట్టుకుపోయి. పట్టాభిరామయ్య దాన్ని రుమాలుతో తుడుస్తున్నారు. అంకె బయటపడగానే వంగి చూసి, మెల్లగా అడిగారు.

"నూకరాజూ, ఇది నిజంగా ఎంతిస్తుందోయ్?"

గోడ దగ్గర గుణశేఖర్ తల ఎత్తాడు. ఆయన ముఖంలోకి మళ్ళీ ఆ వెలుగు రాబోతోంది.

భ్రమరాంబ నాలుగంగల్లో అక్కడికి వెళ్ళి, భర్త చొక్కా జేబులోంచి పెన్ను లాగేసి, డిక్కీ తెరిచి, పొత్రం కింద పెట్టి మూసేసింది.